కింది ముసుగు మీద పేర్లు

ఇంజను గంటలు 402

కొండ కనుమ దగ్గర ఆయిల్ వేడి 127. నూట ఇరవై దాటితే వెనక్కి తిప్పెయ్యమని నేనే చెప్పాను కాబట్టి దాలి విమానాన్ని తిప్పేశాడు. ఎక్కిన ముసలమ్మ మళ్ళీ ఇక్కడే దిగి, చలిగట్టు వచ్చేసిందనుకుని నేలకు దండం పెట్టింది. ఇది ఉప్పుమెట్టేనని ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి నేనే చెప్పాను. ఇలాంటి పనులకు అందరూ నా వైపే చూస్తారు.

ఈ చిట్టాలో ఇంజను సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని మా ఊరిపెద్ద గౌరినాయుడి ఆజ్ఞ. అలాగే రాస్తాను. ఇంజను పాత కారుది, మునిగిపోయిన ఊళ్ళలోంచి ఈతగాళ్ళు పైకి తీశారు. రెక్కలు వెదురూ గుడ్డా. తాగేది కానుగ నూనె. కట్టింది నేను, ఉప్పుమెట్ట మెకానిక్ నూకాలుని. నడిపేది దాలినాయుడు, బక్కపలచని మనిషి. అతనికంటే బాగా నడిపేవాళ్ళు ఇద్దరున్నారు కానీ వాళ్ళు లావు. నడిపేవాడు ఎంత తేలికైతే ఎక్కేవాళ్ళకు అంత మంచిది.

ఎక్కే వరస కూడా తూకాన్ని బట్టే. వారానికోసారి బియ్యం కాటా మీద ఊరందరినీ నిలబెడతారు. తేలికైనవాళ్ళు ముందు, బరువైనవాళ్ళు వెనక. నేల పెనంలా కాలే పెనం రోజులు మొదలయ్యేలోగా కొండ మీది చలిగట్టు చేరినవాళ్ళు బతుకుతారు, ఇక్కడ మిగిలినవాళ్ళు ఉన్నచోటే ఉడికిపోతారు. నడిచి పోదామంటే మధ్యలో రొచ్చు. అందులోకి దిగినవాళ్ళలో అవతల తేలినవాళ్ళు లేరు.

మా అప్ప పైడితల్లి, నా తోడబుట్టిన అక్క, వరసలో ఆఖరు. ఆమె ఒళ్ళే అంత. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని, రెండో చేత్తో నీళ్ళ బిందె మోసిన మనిషి. అప్పుడు మెచ్చుకున్న భుజాలే ఇప్పుడు నేరమయ్యాయి. పల్చటి అంబలి తప్ప ఏమీ ముట్టుకోవడం లేదు. బుగ్గలు పీక్కుపోయాయి గానీ కాటా ముల్లు పెద్దగా కదల్లేదు. ఈ ఇంజను ఇప్పుడున్న తీరులో ఆమెను మోసుకుని కనుమ ఎక్కలేదు, ఆయిల్ కాగిపోతుంది. కాబట్టి నాయుడు బావూ, ఆయిల్ సంగతి రాస్తే మా అప్ప సంగతి రాసినట్టే. ఆజ్ఞ తప్పలేదు.

ఇంజను గంటలు 405

ముక్కు రంధ్రాలు పెద్దవి చేశాను.

ఇంజనుకు రేకు ముసుగు ఉంటుంది, పై సగం ఒకటి, కింది సగం ఒకటి. ముందు రెండు రంధ్రాల్లోంచి గాలి లోపలికొచ్చి, ఇంజనునూ ఆయిల్ కూలర్‌నూ తడిమి, కింది సగం వెనక అంచున రెండు వేళ్ళ సందులోంచి బయటికి పోతుంది. పోవాలి. వేడి తగ్గాలంటే గాలి పెరగాలి, గాలి పెరగాలంటే రంధ్రం పెరగాలి అని ఊరంతా షెడ్డు ముందు చేరి నాకు పాఠం చెప్పింది.

"ఆయాసపడినోడు నోరు తెరుత్తాడు గదేటే నూకాలూ," అన్నాడు గౌరినాయుడు. "దానికీ నోరు పెద్దది సెయ్యి."

నాకు అనుమానంగానే ఉంది. లోపం ముందు లేదు, వెనక ఉంది. అయినా ముందే కోశాను. ముందు భాగం మీద ఎవరి పేర్లూ లేవు కాబట్టి.

కనుమ దగ్గర 131. నోరు తెరిచినందుకు ఇంకాస్త జ్వరం వచ్చింది.

ఇంజను గంటలు 409

మునిగిన ఆస్పత్రిలోంచి తెచ్చిన సెలైన్ గొట్టం ఒకటి నా దగ్గరుంది. దాన్ని మధ్యకు వంచి చెక్కకు కట్టి, సగం దాకా పసుపు నీళ్ళు పోశాను. ఒక కొస కింది ముసుగు లోపల పెట్టాను. చెక్కను దాలి కళ్ళెదుట తగిలించాను. లోపల గాలి ఇరుక్కుంటే అది నీళ్ళను రెండో వైపుకి తోస్తుంది. అంతే పరీక్ష.

దాలి దిగీ దిగగానే చెప్పాడు. "నూకాలప్పా, లెగిసిన కాడ్నించీ పసుపునీల్లు ఒక పక్కకే తోసుకొచ్చీసినాయి. జానెడు తేడా ఉన్నాది."

వంటింటికి ఎంత పెద్ద తలుపు పెట్టినా గవాక్షం లేకపోతే పొగ పోదు. మా ఇంజను సంగతి అదే. వచ్చిన గాలి పోవడానికి దారి లేక లోపలే కాగుతోంది. కింది ముసుగు వెనక అంచు బెత్తెడు మేర కోసెయ్యాలి. ఆ కోత ముందర చిన్న రేకు పెదవి కట్టి కిందికి వంచితే, బయట పరిగెత్తే గాలే లోపలి గాలిని లాక్కుపోతుంది. ఒక పూట పని.

అయితే ఆ అంచు మీద పేర్లున్నాయి. వంతు రాకుండా పోయినవాళ్ళ పేర్లు కింది ముసుగు మీద ఎర్రరంగుతో రాయడం ఉప్పుమెట్ట ఆచారం. ప్రాణంతో ఎక్కలేనివాళ్ళు పేరుతో ఎక్కుతారని. విమానం లేస్తుంటే అయినవాళ్ళు కింద నిలబడి తలెత్తి చదువుకుంటారు. రాసిన పేరు చెరపరు, తీసి ఇంకోచోట రాయరు. పైకెక్కిన మనిషిని కాళ్ళు పట్టి కిందికి లాగినట్టట. అందరికంటే ముందు పోయినవాళ్ళు వెనక అంచున ఉన్నారు. వాళ్ళలో మా అమ్మ ఉంది. అమ్మ పక్కనే గౌరినాయుడి కూతురు చిన్నమ్మలు.

సాయంత్రం పెద్దల ముందు గొట్టం పెట్టి అంతా విప్పి చెప్పాను. గౌరినాయుడు గొట్టాన్ని చేత్తో పక్కకు జరిపాడు.

"మీ యమ్మ పేరుకి రంపం ఎడతావేటే?" అన్నాడు.

"మా యమ్మే ఉంటే రంపం తెచ్చిచ్చును బావూ. అప్ప ఎక్కాల గదా."

"నా గుంట పేరు కూడా ఉన్నాది అక్కడ."

"ఉన్నాది. అది సచ్చిపోయింది. మా అప్ప ఇంకా సావలేదు."

అలా అనకుండా ఉండాల్సింది అంటారు అందరూ. ఎలా అనాలో ఎవరూ చెప్పరు. నాయుడు లేచి వెళ్ళిపోయాడు. అతని తమ్ముడు సత్తిబాబు నా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. అతని కాలు తగిలి గొట్టంలోని పసుపు నీళ్ళు ఒలికిపోయాయి.

ఇంజను గంటలు 416

కోసేశాను.

మధ్యాహ్నం ఊరంతా తడిగుడ్డలు కప్పుకుని పడి ఉండే వేళ. దాలి రేకు పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పేరు కూడా ఆ అంచునే ఉంది. అమ్మ పేరు వైపు నుంచి మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే కోశాను. ఒక్క అక్షరం విరగకుండా పేర్లున్న రేకు బద్దీ మొత్తం ఊడివచ్చింది. దాన్ని అప్ప పాత చీర ముక్కలో చుట్టి సీటు వెనక పెట్టాను. పేర్లు ఎప్పట్లాగే పైకి వెళతాయి, కాకపోతే లోపల కూర్చుని వెళతాయి. ఎంతమంది బతికున్నవాళ్ళకు దక్కింది ఆ భాగ్యం?

పెదవి కట్టి వంచాను. సీటులో ఇసుక బస్తాలు వేశాను, కాటా మీద సరిగ్గా అప్ప తూకానికి.

కనుమ దగ్గర 104.

దాలి నవ్వుతూ దిగాడు. "సల్లగుందప్పా. ఇంకా ఎక్కీగలను." నేను పరిగెత్తుకెళ్ళి అప్పకు చెప్పాను. ఆమె అంబలి గిన్నె పక్కన పెట్టేసి, నా తల పట్టుకుని నుదురు తన నుదుటికి ఆనించింది. చాలా ఏళ్ళకు నాకు సంతోషం కలిగింది. ఇంజను చిట్టాలో అది కూడా రాస్తున్నాను.

ఇంజను గంటలు 417

ఇవాళ వంతు వచ్చినావిడ రెక్క కింద వంగి చూసి, కేకపెట్టి వెనక్కి పరిగెత్తింది. ఆమె పెనిమిటి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఊరంతా వచ్చింది. చీర ముక్క విప్పి బద్దీ చూపించాను. శవాన్ని ముక్కలు చేసి మూటగట్టినట్టు చూశారు. 104 అని చెప్పాను. ఆ అంకె ఎవరికీ చుట్టం కాదు.

ఎవరూ ఎక్కనన్నారు. బతకడానికి ఉన్న ఒక్క దారినీ కాలదన్ని ఇళ్ళకు పోయి తడిగుడ్డలు కప్పుకున్నారు. వాళ్ళ మీద నాకు జాలి రాలేదు, ఒళ్ళు మండింది.

ఇంజను గంటలు 417, ఎగరలేదు

నన్ను షెడ్డులోకి రానివ్వడం లేదు. ఊట దగ్గర కావిడి మొయ్యమన్నారు. చిట్టా మాత్రం అడగడం మరిచిపోయారు. సత్తిబాబు బద్దీని మళ్ళీ ముసుగుకు రివెట్లు కొట్టి బిగించాడట. ఊరు ఊరంతా పసుపూ కుంకుమా చల్లిందట.

పొద్దుగూకేముందు గౌరినాయుడు ఊట దగ్గరికి వచ్చాడు. నా మీద గెలిచిన మనిషి కాబట్టి శాంతంగా ఉన్నాడు.

"ఇసక బస్తాలు ఎలిపోయినాయని నువ్వే సెప్పినావు గదా. మీ అప్ప తూకమే గదా అది. వరస తప్పించీసి రేపు పైడితల్లినే పంపుతాను. నానేటి రాచ్చసుణ్ణి కాను."

"అది కోత ఉన్నప్పుడు బావూ. ఇప్పుడు మూసీసినారు."

"పేర్లు వాటి సోటుకి వొచ్చీసినాయి. అంతకన్నా మంచి శకునం ఏటుంతాది?"

ఇంటికి పరిగెత్తాను. అప్ప అన్నం తింటోంది. ఎన్నాళ్ళకో కంచం నిండా అన్నం, చింతపండు పులుసు. ఎక్కొద్దన్నాను. రేకు సంగతి చెప్పాను. విన్నది, నములుతూనే విన్నది.

"ఏటవుతాదే?" అంది. "ఆయిలు కాగుతాది. కాగితే దాలి తిప్పెస్తాడు. ఆ ముసిల్దాన్ని తెచ్చినట్టే నన్నూ తెచ్చి ఇక్కడే దించుతాడు. అంతే గదా?"

"అంతే."

"మరి ఒకపాలి ఎక్కనీ. రేపెల్లకపోతే మల్లీ ఆఖర్న నిలబెడతారు. ఆ కాటా మీద నిలబడలేనొలే నూకాలూ. అందరూ నా ఒంటిసైపే సూత్తారు."

నేను లెక్క వేసుకున్నాను. పాత సందు రెండు వేళ్ళది ఎలాగూ ఉంది. ఎక్కువలో ఎక్కువ ముందరిలాగే 131, ఆమె బరువుకి ఇంకాస్త. దాలి తిప్పుతాడు. పోయేదేమీ లేదు. దాలిని కలిసి, నూట పదిహేనుకే తిప్పెయ్యమని ఒట్టు వేయించుకున్నాను. అప్ప తన కంచంలోది ఒక ముద్ద నా నోట్లో పెట్టింది.

ఇంజను గంటలు 418

ఊట దగ్గర ఉన్నాను. విమానం నా నెత్తి మీదుగా లేచింది, బరువుకి ఇంకా పైకి తీసుకోలేక కిందగానే వస్తోంది. తలెత్తి చూశాను. కింద నిలబడినవాళ్ళకు పేర్లు కనబడాలనే కదా ఆచారం. స్పష్టంగా కనబడ్డాయి. అమ్మ పేరు, చిన్నమ్మలు పేరు, దాలి నాన్న పేరు. వాటి వెనక నల్లటి గీతలా కనబడాల్సిన సందు కనబడలేదు.

బద్దీ మళ్ళీ ఊడకూడదని సత్తిబాబు దాని వెనక వెడల్పాటి రేకు వేసి, అందంగా ఎర్ర అంచు దిద్దాడు. ఆ రేకు పాత సందును కూడా మూసేసింది. గాలి పోవడానికి సూది మోపేంత చోటు లేదు.

కావిడి పారేసి పరిగెత్తాను. తిప్పమని అరిచాను. ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. కిటికీలోంచి అప్ప చెయ్యి ఊపింది. నన్ను చూసి ఊపిందో, నేలను చూసి ఊపిందో తెలియదు. దాలి మాట తప్పలేదు, కనుమకు చాలా ముందే తిప్పాడు. వాడు తిప్పేసరికే ఇంజను గొంతు బొంగురుపోయింది. తర్వాత ఆగిపోయింది. విమానం రొచ్చు మీద వాలింది, ఒక పక్కకు ఒరిగింది, మునిగింది. పొగ కూడా రాలేదు.

నేను గట్టు దాకా వెళ్ళాను. దిగబోతే నలుగురు పట్టుకున్నారు. వాళ్ళను కొరికాను.

పేర్లకు కోత పెట్టిన పాపం ఊరికే పోతుందా అన్నాడు గౌరినాయుడు అందరి ముందూ. పాపం నాది కాబట్టి పోవాల్సినది నా అప్పే అన్నట్టు చాలామంది తలలూపారు. దాలి తల్లి నేను మోసిన నీళ్ళు పారబోసింది. సత్తిబాబు మాత్రం ఎవరితోనో అనడం విన్నాను, "రేకైతే గట్టిగానే కొట్టినాను, అదెక్కడికీ ఊడదు" అని.

నిజమే. ఊడలేదు.

ఇంజను గంటలు 0

ఈతగాళ్ళ దగ్గర ఇంకో ఇంజను ఉంది, ఇంకొన్ని వెదుళ్ళు ఉన్నాయి. పెనం ఈసారి తొందరపడింది. రోజూ ఎవరో ఒకరు మధ్యాహ్నం పడుకుని సాయంత్రం లేవడం లేదు. కట్టే చేతులు నావి తప్ప ఇంకెవరివీ లేవు. గౌరినాయుడు మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను రమ్మనలేదు.

"ముసుగు సెయ్యాల," అన్నాడు. "పైడితల్లి పేరు రాయాల. దాలిగాడిదీ. ఇప్పుడు పోయినోల్లవీ. పాతయ్యన్నీ మల్లీ రాయాల."

"పాత పేర్లు రొచ్చులోకి దిగిపోయినాయి బావూ. కిందికి దిగిపోయిన పేరు మల్లీ రాయొచ్చేటి? ఇంకో సోట రాయకూడదన్నారు గదా."

"రాయొచ్చు. నిన్న పెద్దోల్లం కూకుని అనుకున్నాం."

కూర్చుని అనుకుంటే సరిపోయేదన్నమాట. ఒక పూట కూర్చుంటే అప్ప బతికేది. నేను అతని మొహం చూశాను. అతనికి అది తట్టనే లేదు. తట్టి ఉంటే అక్కడ నిలబడగలిగేవాడు కాడు.

"సోటు మాత్రం సాలదు," అన్నాడు. "పేర్లెక్కువైపోనాయి. ఎనక్కి కూసింత పొడుగ్గా సెయ్యి. నీకెంత కావాలంటే అంత."

గాలి కోసం బెత్తెడు ఇవ్వనివాళ్ళు చావుల కోసం ఎంతైనా ఇస్తున్నారు. సరేనన్నాను.

రేకు ముందేసుకున్నాను. సందు లేకుండా, సత్తిబాబు చేసినట్టే చెయ్యాలనిపించింది. గౌరినాయుడూ భారీ మనిషే, ఏదో ఒకరోజు ఎక్కుతాడు. అతను కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే కింద నిలబడి చూడాలనిపించింది. ఆ కోరిక నాకు తియ్యగా ఉంది, దాన్ని అలా ఉండనిచ్చాను. మానుకున్నది దయ వల్ల కాదు. వాళ్ళ మీద నాకు దయ లేదు. చెడగొట్టిన పని మీద అప్ప పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఇంజను గంటలు 2

కొత్త కింది ముసుగు పాతదానికంటే మూరెడు పొడుగు. చివర పెదవిలా కిందికి వంచాను. ఆ వంపు వెనక బెత్తెడు ఖాళీ. ఏదీ కొయ్యలేదు కాబట్టి ఎవరికీ గుండె ఆగలేదు. ఆ వంపు ఎందుకని గౌరినాయుడు అడిగాడు.

"పేర్లు కిందోల్ల కంటికి బాగా ఆనుతాయని," అన్నాను.

అతని కళ్ళు తడయ్యాయి. చిన్నమ్మలు పేరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ మాట అప్పా దాలీ బతికి ఉండగా చెబితే నాయుడు నమ్మేవాడేమో. అప్పుడు నాకు తోచలేదు. నిజం చెబితే చాలనుకున్నాను.

పేర్లన్నీ నేనే రాశాను. అప్ప పేరు ఆఖర్న, సరిగ్గా పెదవి అంచు మీద. ఆ అక్షరాల వెనకనుంచే వేడిగాలి బయటికి పోతుంది. ఇప్పుడు నడిపేది దాలి చెల్లెలు, వాడికంటే తేలిక. బస్తాలతో వెళ్ళివచ్చింది.

కనుమ దగ్గర 101.

ఇంజను గంటలు 31

ఇద్దరిద్దరు ఎక్కుతున్నారు. పొద్దున్నే కాకుండా ఎండ వాలాక కూడా ఎగురుతోంది. కాటాను మళ్ళీ బియ్యానికి తీసుకుపోయారు. ఎవరి ఒళ్ళు ఎంతన్నది ఎవరూ అడగడం లేదు. మా అప్ప తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆకలితో చిక్కలేదు.

ప్రతిసారీ దిగాక పెదవి మీద ఆయిల్ మరకలు తుడుస్తాను. అక్కడే చేరుతుంది జిడ్డంతా. అప్ప పేరు మాత్రం చెదరలేదు, రంగు బాగా పట్టింది.

ఇవాళ గౌరినాయుడూ అతని భార్యా ఎక్కారు. ఇద్దరూ కలిసి రెండు గాదెల్లా ఉన్నారు. ఆమె దారిలో తినడానికి పులిహోర మూట కట్టుకుంది. ఎక్కేముందు అతను నా భుజం తట్టాడు, పెద్దరికంగా.

"సూసినావా నూకాలూ. ఒక్క పేరూ కొయ్యకుండానే సల్లబడింది. పోనోల్లే కాపాడుతున్నారు. పెద్దోల్ల మాట ఇనాల."

"అవును బావూ," అన్నాను. వెనక ఇంకా ఎక్కాల్సినవాళ్ళు నిలబడి ఉన్నారు, చంటిపిల్లలను ఎత్తుకుని.

విమానం లేచింది. అందరితో పాటు నేనూ తలెత్తి చదువుకున్నాను.

కనుమ దగ్గర 103. ఇద్దరి తూకం కలిపితే మా అప్ప తూకం కంటే ఎక్కువే.